పంచభూతాలకు ఐదు గదులు అక్కర్లేదు

పంచభూతాలను ఇతివృత్తంగా తీసుకొని, కాగితం మీద చేసిన కృతులను మాత్రమే కూర్చిన ఒక సమూహ ప్రదర్శనకు ఈ మధ్య మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి తృప్తి లేకుండా బయటికి వచ్చాను. ఆ అసంతృప్తికి కారణం ఏమిటో తేల్చుకోవాలని రెండోసారి వెళ్లాను. మూడోసారి, ప్రదర్శన ముగిసే రోజున, ఒకే ఒక్క కాగితాన్ని మళ్లీ చూడడానికి వెళ్లాను. ఎంతోమంది కళాకారులు నెలల తరబడి పడిన శ్రమను, నిర్వాహకులు శ్రద్ధగా అమర్చిన గోడలను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఇలాంటి ప్రదర్శనల్లో తరచుగా కనిపించే ఒక పద్ధతి అటు కాగితానికీ ఇటు పంచభూతాలకూ అన్యాయం చేస్తున్నదని నాకు గట్టిగా అనిపిస్తున్నది కాబట్టి, ఆ మాటను వివరంగా రాయాలనుకున్నాను.

ప్రదర్శనను ఐదు గదులుగా విభజించారు. మట్టి గదిలో కొండలు, బీళ్లు, నెర్రెలిచ్చిన నేలలు ఉన్నాయి. నీటి గదిలో అలలు, నిప్పు గదిలో ఎరుపు, గాలి గదిలో వంగిన చెట్లు, ఆకాశపు గదిలో నీలం. చేతి నేర్పుకు ఎక్కడా లోటు లేదు. కానీ రెండో గది దాటేసరికి నాకు ఒక సందేహం మొదలైంది: ఈ బొమ్మలన్నిటినీ కాన్వాసు మీద వేసి ఉంటే, లేదా వీటి ఫొటోలు తీసి అదే వరుసలో అతికించి ఉంటే, ఈ ప్రదర్శనలో ఏం మారేది? ఏమీ మారేది కాదు. కాగితం అనే మాట ఆహ్వానపత్రికలో ఉంది గానీ గోడల మీద ఎక్కడా వినిపించలేదు.

గాలి గది నుంచి ఆకాశపు గదికి పోయే ఇరుకు దారిలో మాత్రం, నిలువెత్తు కాగితం ఒకటి పైన రెండు గుండుసూదులతో గోడకు వేలాడుతూ ఉంది. దానికి అద్దం లేదు, చట్రం లేదు. దాని మీద బొమ్మ అనదగినది కూడా లేదు. పలచని సిరాను తడి కాగితం మీద ఒకే చోట పోసి, అది ఎంత దూరం పాకగలిగితే అంత దూరం పాకనిచ్చి వదిలేశారు. నీరు ఇక ముందుకు పోలేక ఆగిపోయిన చోట, లోపలి నుంచి కొట్టుకొచ్చిన మసిరేణువులన్నీ పేరుకొని, వెంట్రుక మందాన ఒక నల్లని అంచు ఏర్పడింది. పక్క నుంచి ఎవరు నడిచినా ఆ కాగితం కింది భాగం నెమ్మదిగా కదిలేది. నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. అది నీటి పనా, గాలి పనా, సిరాలోని మసిని బట్టి నిప్పు పనా అన్నది తేల్చడం ఎవరి తరమూ కాదు. బహుశా అందుకే దాన్ని ఏ గదిలోనూ పెట్టలేక దారిలో పెట్టి ఉంటారు.

నా వాదన అంతా ఆ కాగితం నుంచే పుట్టింది. కాగితం భూతాల బొమ్మలను మోసే పలక మాత్రమే కాదు, అవి ఒకదానితో ఒకటి తలపడి రాజీకి వచ్చిన చోటు. కాబట్టి పంచభూతాల గురించి కాగితం మీద ప్రదర్శన చేయదలచినవారు, ఫలానా కాగితం మీద ఏ భూతపు బొమ్మ ఉందో చూసి గదులు కేటాయించడం మానేసి, ఆ కాగితానికి ఏం జరిగిందో అడగడం మొదలుపెట్టాలి.

కాగితానికి ఏం జరుగుతుందన్నది నాకు తెలిసింది ఆలస్యంగానే. కొన్నేళ్ల కిందట చేతి కాగితం తయారీ నేర్చుకోవడానికి కొన్ని రోజులు గడిపాను. తొట్టిలోని గుజ్జులో దాదాపు 99 శాతం నీరే ఉంటుంది. అందులోకి జల్లెడ బిగించిన చట్రాన్ని ముంచి, సమంగా పైకెత్తి, ముందుకూ వెనక్కూ పక్కలకూ ఒకసారి ఊపితే, నీరు కిందికి జారిపోతూ పీచులను ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. ఆ ఊపడంలో ఒక్క క్షణం తడబడితే పొర ఒకవైపు మందంగా, మరోవైపు చిల్లులు పడి వస్తుంది. నేను చేసిన మొదటి పది పొరలూ మళ్లీ తొట్టిలోకే పోయాయి. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన సంగతి ఏమిటంటే, ఆ పీచులను పట్టి ఉంచడానికి జిగురు అవసరం లేదు. ఆరుతున్న నీరు పోతూ పోతూ పీచులను దగ్గరికి లాగుతుంది. అవి తగినంత దగ్గరైనప్పుడు వాటిలోని సెల్యులోజ్ అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. మళ్లీ బాగా తడిపి చిలికితే ఆ బంధాలు విడిపోయి కాగితం తిరిగి గుజ్జవుతుంది. అంటే మన చేతిలోని ప్రతి కాగితమూ నీరు పెట్టి వెళ్లిన ముడి. నీరు తిరిగి వస్తే విడిపోగల ముడి.

చైనా రాజాస్థానంలో త్సాయ్ లున్ అనే అధికారి సామాన్య శకం 105లో కాగితం తయారీని చక్రవర్తికి నివేదించాడని ఆ దేశపు చరిత్ర చెబుతుంది. చెట్టు బెరడు, జనుము, పాత గుడ్డలు, చేపల వలలు ఆయన వాడిన ముడిసరుకులు. తైత్తిరీయోపనిషత్తులోని సృష్టిక్రమం నాకు ఇక్కడ గుర్తొస్తుంది. ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి పుట్టాయన్నంత వరకూ అందరూ చెప్పుకుంటారు. కానీ ఆ వరుస అక్కడ ఆగదు. భూమి నుంచి ఓషధులు, అంటే మొక్కలు పుట్టాయని కూడా ఆ వాక్యం చెబుతుంది. కాగితం ఆ ఓషధుల పీచు. ఐదు భూతాలూ వరుసగా దిగివచ్చిన తర్వాతి మెట్టు మీద అది ఉంది. అలాంటి పదార్థాన్ని ఖాళీ పలకగా చూసి, దాని మీద అల బొమ్మ వేసి నీటి గదిలో పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

గదుల విభజన గురించి కూడా మన తాత్త్వికులు ఎప్పుడో ఆలోచించారు. వేదాంతంలోని పంచీకరణ సిద్ధాంతం ప్రకారం, మనకు కనిపించే ఏ స్థూలభూతమూ శుద్ధంగా ఉండదు. ప్రతిదానిలోనూ సగం దాని స్వంత భాగం, మిగిలిన నాలుగింటిలో ఒక్కొక్కదాని నుంచి ఎనిమిదో వంతు చొప్పున కలిసి ఉంటాయి. దీన్ని భౌతికశాస్త్రంగా తీసుకోమని నేను అనడం లేదు. అయితే ఒక ప్రదర్శనను కూర్చేవారికి ఇంతకంటే పనికొచ్చే సూత్రం నాకు కనబడలేదు. ఒక కాగితం సగం నీటిదే కావచ్చు, కానీ మిగిలిన సగంలో నాలుగు భూతాలకు వాటా ఉంటుంది, ఆ వాటాలే చూడవలసినవి.

ఉదాహరణకు నిప్పు. నిప్పును ఎరుపుతో గుర్తించడం అలవాటైన మన కళ్లకు, రేఖాచిత్రాల్లో నిప్పు నలుపు రంగులో ఉంటుందన్న సంగతి తట్టదు. చైనా, జపాన్ చిత్రకారులు శతాబ్దాలుగా వాడిన సిరా నూనె దీపాల మసినో, పైన్ కట్టెల మసినో పశువుల చర్మం నుంచి తీసిన జిగురుతో కలిపి గట్టిపరచినది. దాన్ని రాతి మీద నీటితో అరగదీసి వాడతారు. అంటే ఆ చిత్రంలోని ప్రతి గీతా ఆరిన మంట, నీటి సాయంతో మళ్లీ కదిలినది. బొగ్గు సంగతి ఇంకా చిత్రమైనది. గాలి అందకుండా కట్టెను కాలిస్తేనే అది బొగ్గవుతుంది, గాలి అందితే బూడిదవుతుంది. ప్రతి బొగ్గు గీత వెనుకా గాలి దక్కని ఒక నిప్పు ఉంది. నిప్పు గదిలోని ఎర్రని చిత్రాల కన్నా, మట్టి గదిలో ఒక మూలన ఉన్న బొగ్గు చిత్రమే నిప్పుకు దగ్గరగా ఉందని నేను అన్నప్పుడు, నాతో వచ్చిన మిత్రురాలు మొదట ఒప్పుకోలేదు. బొగ్గు ఎలా చేస్తారో చెప్పిన తర్వాత ఆమె తిరిగి వెళ్లి దాని ముందు నిలబడింది.

నిప్పును నేరుగా కాగితం మీదికి తెచ్చినవారూ ఉన్నారు. ఫ్రెంచ్ కళాకారుడు ఈవ్ క్లైన్ 1961లో ఫ్రాన్స్ గ్యాస్ సంస్థకు చెందిన పరీక్షా కేంద్రంలో, పెద్ద గ్యాస్ మంటలతో దళసరి అట్టల మీద చిత్రాలు చేశాడు. నీటి గొట్టంతో ఒక అగ్నిమాపక ఉద్యోగి ఆయన పక్కనే నిలబడి ఉండేవాడు. అట్ట తడిసిన చోట మంట ఒకలా, పొడిగా ఉన్న చోట మరొకలా పని చేసింది. ఆ చిత్రాలను నిప్పు చిత్రాలని పిలుస్తారు గానీ, వాటిలో ఆకారాన్ని నిలిపింది నీరు. 1957లో పుట్టిన చైనా కళాకారుడు త్సాయ్ గువో-చియాంగ్ కాగితం మీద తుపాకిమందు పరిచి, పైన అట్టలు కప్పి, రాళ్లతో బరువు పెట్టి వత్తి ముట్టిస్తారు. పేలుడు కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. వెంటనే సహాయకులు అట్టలెత్తి, మిగిలిన రవ్వలను పరుగు పరుగున ఆర్పుతారు. ఆ ఆర్పడంలోనే చిత్రం పూర్తవుతుందని నా నమ్మకం. నిప్పుకు పూర్తిగా వదిలేస్తే మిగిలేది బూడిద, అసలు రానివ్వకపోతే మిగిలేది తెల్ల కాగితం. ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి ఈ రెండిటి మధ్య ఉంటుంది. ప్రమాదం కోసం కాగితాన్ని కాల్చే పనులను నేను కొన్ని చూశాను. ఆపడం తెలియని ఆ పనులు ఒకదానిలాగే ఇంకొకటి కనిపిస్తాయి.

ఇక నిప్పును నీటితోనే చిత్రించిన సందర్భం ఒకటి చెప్పాలి. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ నోటుపుస్తకం ఒకదానిలో, చీకట్లో మండుతున్న భవనాల నీటిరంగుల చిత్రాలు కొన్ని ఉన్నాయి. 1834 అక్టోబరు 16న బ్రిటిష్ పార్లమెంటు భవనాలు తగలబడినప్పటివని వాటిని చాలాకాలం అనుకున్నారు. 1841లో లండన్ టవర్‌లో జరిగిన అగ్నిప్రమాదానివని ఇప్పుడు భావిస్తున్నారు. నాకు ఆ భవనం ఏదన్న దానికన్నా, రంగు ఆరకముందే పేజీ తిప్పడం వల్ల ఎదుటి పేజీకి తడి మరకలు అంటుకున్నాయన్న విషయం ముఖ్యం. మంట ఎంత వేగంగా ఎగసిందో ఆ మరకలు చెబుతున్నాయి. ఎర్రరంగు చెప్పలేని సంగతి అది.

నీటి గదిలో లేనందుకు నేను నిజంగా బాధపడిన పేరు కృష్ణారెడ్డి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకొని, లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో పని చేసి, తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి 2018లో మరణించిన ఈ ముద్రణ కళాకారుడు ప్రపంచమంతటా ఉన్న ముద్రణశాలలకు ఒక పద్ధతిని ఇచ్చినవారిలో ప్రముఖులు. మన భాషవారిలో ఆయన గురించి తెలిసినవారు ఇంత తక్కువగా ఉండడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఆ పద్ధతికి ఆధారం సిరాల చిక్కదనంలోని తేడా. నూనె ఎక్కువ కలిపి పలచన చేసిన సిరాను ముందు పూస్తే, దాని మీదికి వచ్చిన చిక్కటి సిరా అక్కడ అంటదు, ఆ పలచని సిరా లేని చోటనే అంటుతుంది. లోహపు ప్లేటును వేర్వేరు లోతులకు చెక్కి, గట్టి రోలరుతో పై మట్టాలకూ మెత్తని రోలరుతో లోపలి మట్టాలకూ వేర్వేరు రంగులు పట్టిస్తే, ఒకే ప్లేటు నుంచి, ఒకే నొక్కుడుతో అన్ని రంగులూ కాగితం మీదికి వస్తాయి. అంతకుముందు ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు కావలసి వచ్చేది.

ఇందులో నన్ను పట్టి ఉంచేది సౌకర్యం కాదు. 1963లో ఆయన చేసిన సుడిగుండం, అల అనే ప్రింట్లలో రంగులు పక్కపక్కన నిలబడినట్లు ఉండవు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, తప్పుకుంటూ, దారి వెతుక్కుంటున్నట్లు ఉంటాయి. ఎందుకంటే ప్లేటు మీద అవి నిజంగానే అలా ప్రవర్తించాయి. ద్రవాలు ఒకదాన్నొకటి అంగీకరించడం, నిరాకరించడం అనే నియమం మీద నిలబడిన పద్ధతితో సుడిని చెక్కారు కాబట్టి, అందులో విషయమూ విధానమూ ఒక్కటయ్యాయి. ముద్రణకు వాడే కాగితాన్ని ముందుగా తడిపి మెత్తబరచాలి, లేకపోతే అది ప్లేటు లోతుల్లోకి దిగి సిరాను అందుకోలేదు. లోహం, నూనె, నీరు, పీచు అన్నీ కలిసి ఒక్క క్షణం యంత్రం కింద నలిగిన తర్వాత మిగిలినది ఆ చిత్రం.

ఇంతవరకు వచ్చాక, నా వాదనకు ఎదురు నిలిచే చిత్రాలను తప్పించుకు పోవడం నిజాయతీ అనిపించుకోదు. లియొనార్డో డావిన్చి చివరి సంవత్సరాల్లో, సుమారు 1517–18లో, మహాప్రళయాన్ని వరుసగా చిత్రించాడు. ఆ చిత్రాలు బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో విండ్సర్‌లో ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 16 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. వాటిలో చాలావరకు నల్ల సుద్దతో గీసినవి. నీరు ఎక్కడా తగలని పొడి మట్టి అది. అయినా కాగితం మీద నీటి బలాన్ని అంతకన్నా భయంకరంగా, అంతకన్నా నిశితంగా చూపిన చిత్రాలను నేను ఎరుగను. కాగితానికి ఏం జరిగిందన్న ప్రశ్న ఇక్కడ ఎందుకూ కొరగాదు, సుద్ద రుద్దుకోవడం తప్ప దానికి ఏమీ జరగలేదు. ఈ చిత్రాలను గుర్తుచేసుకున్న ప్రతిసారీ నా వాదన కొంత వెనక్కి తగ్గవలసి వచ్చింది.

అయితే డావిన్చి ఆ సుడులను ఊహించి గీయలేదు. అడ్డంకులను దాటే నీరు ఎలా తిరుగుతుందో, కొలనులోకి దూకిన ధార ఎలా మళ్లీ పైకి లేస్తుందో ఏళ్ల తరబడి గమనించి గీసుకున్న మనిషి ఆయన. నీటి సుడులను జడ అల్లికతో పోల్చుకున్నాడు. నీరు ఆ కాగితాన్ని తాకలేదు గానీ ఆ చేతిని మలిచింది. అలాగే ఆంగ్ల చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో హాంప్‌స్టెడ్‌లో మేఘాలను నూనెరంగులతో కాగితం మీద చిత్రించినప్పుడు, చాలావాటి వెనుక తేదీ, సమయం, గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నదీ రాసి పెట్టాడు. ఆ రాతలు లేకపోయినా ఆ మేఘాలు అందంగానే ఉంటాయి. కానీ ఆ రాతలు ఉండడం వల్ల, అంత వేగంగా కుంచె కదలడానికి కారణం ప్రదర్శించాలన్న తొందర కాదని, మేఘం కదిలిపోతుండడమేనని తెలుస్తుంది.

కాబట్టి నా ప్రశ్నను ఇలా సవరించుకున్నాను: ఈ కాగితం మీదికి గానీ, దీన్ని గీసిన చేతిలోకి గానీ, ఆ భూతం తన నియమంతో సహా వచ్చిందా? జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ చెక్కించిన పెద్ద అల, సుమారు 1831 నాటిది, ఈ ప్రశ్నకు రెండు విధాలా నిలబడుతుంది. అల విరిగే ముందు దాని అంచు ఎలా చీలుతుందో ఆయనకు తెలుసు. అచ్చువేసేవారికి తడిపిన కాగితం మీద ప్రష్యన్ నీలాన్ని ఎంత తడితో, ఎంత రుద్దుడుతో దింపాలో తెలుసు. ప్రదర్శనలోని నీటి గదిలో ఉన్న చాలా అలలు మాత్రం నీటిని కాకుండా మరో అల బొమ్మను చూసి వేసినవి. అది వేసినవారి తప్పని నేను అనలేను. గది తలుపు మీద నీరు అని రాసి పెట్టి రమ్మని పిలిచినప్పుడు, అల బొమ్మతో రావడమే సహజం.

మట్టి గురించి నాకు చెప్పవలసినది తక్కువే. మన్నుశిలల రంగులు, జేగురు, కావి, గుహల కాలం నుంచి చిత్రకళలో ఉన్నాయి, వాటికి నా వకాలతు అవసరం లేదు. బ్రిటిష్ కళాకారుడు రిచర్డ్ లాంగ్ అవాన్ నది బురదలో కాగితాలను ముంచి తీసి ఆరబెట్టిన పనులు, నీరు జారుతూ బురదను ఎలా వదిలిందో చూపిస్తాయి. కానీ బెంగాలీ కళాకారుడు సోమనాథ్ హోర్ 1970లలో చేసిన గాయాలు అనే శ్రేణి దగ్గర ఆగక తప్పదు. ఆయన తడి మట్టి పలకలను కత్తితో, కాల్చిన ఇనుముతో గాయపరచి, ఆ మట్టి నుంచి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జును నొక్కి ఆరబెట్టారు. వచ్చినది తెల్లని కాగితం మీద తెల్లని గాయం. సిరా చుక్క లేదు. కరువునూ యుద్ధాన్నీ కళ్లారా చూసిన ఆ మనిషి, మట్టికి నిప్పుతో తగిలిన దెబ్బను నీటితో తడిసిన పీచుకు అప్పగించి, మనకు చూపడానికి వెలుతురును మాత్రం మిగిల్చారు. ఆ పనిని ఏ గదిలో పెడతారో చెప్పమని నేను ఆ ఐదు గదుల నిర్వాహకులను అడగాలనుకున్నాను.

గాలికి కాగితం మీద మిగలడం కష్టం. టిమ్ నోల్స్ అనే బ్రిటిష్ కళాకారుడు చెట్ల కొమ్మల చివర్లకు పెన్నులు కట్టి, ఎదురుగా కాగితం నిలబెట్టి, గాలికి కొమ్మ ఊగినంతసేపూ గీయనిచ్చారు. ఆ గీతల్లో ఒక్కో చెట్టుకు ఒక్కో దస్తూరి కనబడుతుంది. ఆకాశం మాత్రం కాగితానికి అన్నిటికంటే దగ్గరి భూతం. మన సంప్రదాయంలో ఆకాశమంటే తలపైనున్న నీలిరంగు మాత్రమే కాదు, దేనికైనా చోటిచ్చేది ఆకాశం. నీటిరంగుల్లో తెల్లరంగు కావలసిన చోట చిత్రకారుడు రంగు పూయడు, కాగితాన్ని అలాగే వదిలేస్తాడు. చైనా సిరా చిత్రాల్లో కొండల మధ్య మంచు అనిపించేది ఏమీ గీయని చోటు. అది వేయకుండా వదిలిన పని, ఒకసారి తడి తగిలితే మళ్లీ రానిది. ఆకాశపు గది నిండా నీలం పరిచినప్పుడు, అందులో ఆకాశానికి చోటు మిగలలేదు.

ఇక అద్దాల సంగతి. కాగితపు కృతులను కాపాడేవారికి భూతాలన్నీ శత్రువులే. వెలుతురు సుమారు 50 లక్సులకు (లక్సు వెలుతురు కొలమానం) మించకూడదని మ్యూజియంలు నియమం పెట్టుకున్నాయి. పగటి ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం దగ్గర స్థిరంగా ఉండాలి. 65 శాతం దాటి నిలిస్తే బూజు భయం మొదలవుతుంది. కొన్ని నెలలు గోడ మీద ఉన్న చిత్రం మళ్లీ ఏళ్ల తరబడి చీకటి పెట్టెలో విశ్రాంతి తీసుకోవాలి, ఎందుకంటే వెలుతురు చేసే హాని పోగవుతూ పోతుంది, వెనక్కి రాదు. ఈ నియమాల విలువ నాకు స్వానుభవంతో తెలుసు. ఒక మిత్రురాలు ఇచ్చిన చిన్న నీటిరంగుల సంధ్యాదృశ్యాన్ని నేను కిటికీకి ఎదురుగా వేలాడదీశాను. ఎనిమిదేళ్ల తర్వాత చట్రం మార్చడానికి విప్పితే, మౌంటు కింద, అంటే చిత్రం చుట్టూ పెట్టే అట్ట కింద, దాగిన సన్నని అంచులో గులాబిరంగు ఆకాశం అలాగే ఉంది. మిగతా అంతా బూడిదరంగు. రోజూ చూస్తూనే ఉన్నాను గానీ అది పోవడాన్ని నేను చూడలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ ఆ అంచును చూస్తే మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి అద్దాలు తీసేయమని నేను అడగను. కానీ అద్దం వల్ల పోయేది ఏమిటో తెలిసి ఉండాలి. భూతాలకు మన శాస్త్రాలు గుణాలు చెప్పాయి: ఆకాశానికి శబ్దం, వాయువుకు స్పర్శ, అగ్నికి రూపం, నీటికి రసం, భూమికి గంధం. కాగితానికి శబ్దం ఉంది. చేయి తిరిగిన కాగితం పనివారు పొరను ఒక మూల పట్టుకొని ఆడించి, ఆ చప్పుడును బట్టి దాని గట్టిదనాన్ని చెప్పగలరు. స్పర్శ గురించి చెప్పనక్కర్లేదు. గంధమూ ఉంది. అద్దం వెనుక వీటిలో రూపం ఒక్కటే మనదాకా వస్తుంది. ఐదు గుణాలలో ఒక్కటి మిగిలిన ప్రదర్శనకు పంచభూతాల పేరు పెట్టినప్పుడు, మిగిలిన వాటికి మరేదైనా దారి వెతకవలసిన బాధ్యత నిర్వాహకుల మీద ఉంటుంది. చిత్రించని అదే కాగితపు ముక్కలను చేత్తో తాకడానికి, ఆడించి వినడానికి ఒక బల్ల మీద ఉంచితే చాలు, సగం పని అవుతుంది.

రెండో సగం పేరుపలకల మీద జరగాలి. ‘కాగితంపై సిరా’ అన్న రెండు మాటలతో సరిపెట్టడం ఇలాంటి ప్రదర్శనలో సరికాదు. ఆ కాగితం ఏ పీచుది, గీసేటప్పుడు తడిగా ఉందా పొడిగా ఉందా, ఎంతసేపటికి ఆరింది, ఎక్కడ ఆపారు అన్నవి నాలుగు వాక్యాల్లో రాయవచ్చు. సమూహ ప్రదర్శనకు ఒంటరి ప్రదర్శనలో లేని బలం ఇక్కడే ఉంది. ఇరవైమంది చేతుల్లో ఒకే నీరు ఇరవై విధాలుగా ఆగుతుంది. ఆ ఆగిన అంచులను పక్కపక్కన పెట్టి చూపగలిగేది సమూహమే. బొగ్గు చిత్రం పక్కన పొగతో చేసినదాన్ని, పోసిన సిరా పక్కన పొడి సుద్దతో గీసిన ప్రవాహాన్ని, తెల్లగా వదిలిన కాగితం పక్కన తెల్లగా గాయపడిన కాగితాన్ని పెట్టాలి. చూసేవారు ఏది ఏ భూతమో గుర్తుపట్టడంలో తృప్తిపడకుండా, వాటి వాటాలు లెక్కపెట్టడంలో కాలం మరిచిపోతారు. నేను ఆ ఇరుకు దారిలో మరిచిపోయినట్లే.

మూడోసారి వెళ్లిన రోజున బయట ఎడతెగని వాన. దారిలోని కాగితం ముందు నేను నిలబడి ఉండగా, ఆ విభాగానికి కాపలా ఉన్న పెద్దాయన దగ్గరికి వచ్చి, “వాన పడిన రోజు అది కాస్త కిందికి దిగుతుందమ్మా” అన్నారు. కాగితం తేమను పీల్చుకొని సాగుతుందని నాకు తెలుసు, కానీ కంటితో చూసి చెప్పగలిగేంత సాగుతుందా అని అడిగాను. ఆయన వంగి, గోడ మీద, కాగితం కింది అంచు పక్కగా చూపించారు. అక్కడ పెన్సిలుతో పెట్టిన చుక్కలు పది పన్నెండు, వెతికితే తప్ప కనిపించనంత చిన్నవి, ఒకదానికింద ఒకటి ఉన్నాయి. ప్రదర్శన మొదలైనప్పటి నుంచి, తీరిక దొరికిన రోజుల్లో ఆయన పెడుతూ వచ్చారట. గోడ పాడుచేశానని అనుకోవద్దని, ఇవాళ మూసేముందు తనే తుడిచేస్తానని చెప్పారు. మేమిద్దరం కదలకుండా, గాలి ఆడకుండా, కాగితం నిలకడగా వేలాడేదాకా ఆగి చూశాం. ఆ రోజు అంచు అన్నిటికంటే కిందనున్న చుక్కను దాటి గోరు మందాన దిగి ఉంది. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, అక్కడ ఇంకొక చుక్క పెట్టారు.